రసీదు పుస్తకం, పంక్చరు డబ్బా

1977 నవంబరు 19. కృష్ణా జిల్లాలో ఆ తరం వాళ్ళకి ఈ తేదీ ఒక్కటి చెబితే చాలు. దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడి ఊళ్ళకి ఊళ్ళే తుడిచిపెట్టుకుపోయిన రోజు. సుమారు పదివేల మంది పోయారు. ఆ తరవాత రాష్ట్రమంతా జోలె పట్టింది. ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు లాంటి వాళ్ళు వీధుల్లోకి వచ్చి విరాళాలు అడిగారు. అవనిగడ్డ మనిషి మండలి వెంకట కృష్ణారావు దివిసీమని మళ్ళీ నిలబెట్టే పనికి నడుం కట్టారు. ఇదంతా పేపర్లకెక్కింది.

పేపర్లకెక్కనిది ఇంకొకటి ఉంది. ఆ రోజుల్లోనూ, ఆ తరవాత 1990 మే తుపానుకీ, 1996 నవంబరులో కోనసీమ కొబ్బరి నేలకొరిగినప్పుడూ, పధ్నాలుగు పదిహేనేళ్ళ పిల్లలు నాన్నల సైకిళ్ళు, అన్నల సైకిళ్ళు తీసుకుని, క్యారియర్‌కి సంచీ కట్టుకుని, ఊరూరూ తిరిగి విరాళాలు తెచ్చిన యాత్రలు. కొన్ని పక్క తాలూకా వరకే. కొన్ని వారం పది రోజులు, మూడు నాలుగు వందల కిలోమీటర్లు. ఆ యాత్రలు ఎలా జరిగేవో, ఏ పని ఎందుకు అలా చేసేవారో రాసిపెట్టాలని ఈ ప్రయత్నం. ఆ పద్ధతులు మొదట నేర్చినవాళ్ళకి ఇప్పుడు అరవై దాటుతోంది.

ముందు బండి సంగతి. గేర్లు లేవు. హెర్క్యులిస్, అట్లాస్, హీరో, ర్యాలీ, ఏదైనా ఒకే రకం: 28 అంగుళాల చక్రాలు, కడ్డీ బ్రేకులు, తోలు సీటు, ఇరవై కిలోల పైన బరువు. ముందు పళ్ళచక్రానికి 44 పళ్ళో 48 పళ్ళో, వెనక ఫ్రీవీలుకి 18. పెడలు ఒక చుట్టు తిరిగితే బండి అయిదున్నర, ఆరు మీటర్లు కదులుతుంది. నిమిషానికి అరవై చుట్లు తొక్కితే గంటకి ఇరవై కిలోమీటర్లు. లెక్క అలాగే ఉంటుంది గానీ, సంచులూ ఎదురుగాలీ టీ కొట్లూ పంక్చర్లూ కలుపుకుంటే గంటకి పన్నెండే. రోజుకి అరవై కిలోమీటర్లు అనుకుని బయల్దేరిన జట్టు సాఫీగా వెళ్ళేది. వంద అనుకున్న జట్టు మూడో రోజుకి మోకాళ్ళు పట్టుకుని కూర్చునేది. ఇక ఊళ్ళలో ఆగి ఇల్లిల్లూ తిరగాలంటే ముప్ఫై, నలభై దాటకూడదు. దూరం ఎక్కువైతే విరాళం తగ్గుతుంది, ఎందుకంటే చీకటి పడ్డాక వచ్చిన పిల్లల్ని ఊరు జాలిగా చూసి అన్నం పెడుతుంది తప్ప డబ్బు మాట ఎత్తదు.

బయల్దేరే ముందు బండిని ఓవరాయిలింగ్‌కి ఇవ్వాలి. అందరూ ముందు రోజు సాయంత్రం ఇచ్చేవారు. అదే పెద్ద తప్పు. విప్పి బిగించిన బండిలో, ఇరుసు దగ్గరి ఉక్కు గోలీలని, అంటే గోటీలని, పట్టి ఉంచే కోన్లు, పెడలు కడ్డీ అయిన క్రాంకుని ఇరుసుకి బిగించే కాటర్ పిన్నులు సర్దుకోవడానికి కొంత దూరం పడుతుంది. అందుకని నాలుగు రోజుల ముందే చేయించి, ఓ పాతిక ముప్ఫై కిలోమీటర్లు తొక్కి, మళ్ళీ ఒకసారి పానా వేయించాలి. అలా చేయించని బండి మొదటి రోజు మధ్యాహ్నానికి పెడలు దగ్గర టక్కు టక్కుమంటుంది. చుట్టుకొక టక్కు వినిపిస్తే కాటర్ పిన్ను వదులైందని అర్థం. అప్పుడు నట్టు బిగిస్తే లాభం లేదు. పిన్నుని లోపలికి కూర్చోబెట్టేది సుత్తి దెబ్బ, అక్కడే పట్టి ఉంచేది నట్టు. క్రాంకు కింద రాయో దుంగో ఆనించి, పిన్ను మీద చెక్క పెట్టి కొట్టాలి. కింద ఆనిక లేకుండా కొడితే ఆ దెబ్బంతా లోపలి గోటీల మీద పడుతుంది. ఇంకో సంగతి, రెండు వైపులా పిన్నులు ఎదురెదురు దిశల్లో ఎక్కాలి. తొందరలో రెండూ ఒకే వైపు నుంచి ఎక్కిస్తే పెడళ్ళు ఒకదానికొకటి తిన్నగా నిలవవు, తొక్కుతుంటే కుంటుతున్నట్టు ఉంటుంది. నాలుగైదు కిలోమీటర్లకే నడుం పట్టేస్తుంది. కారణం మాత్రం ఎవరికీ తోచదు.

వెనక చక్రానికి 40 పుల్లలు, ముందు చక్రానికి 32. తెగేవి ఎప్పుడూ వెనకవే, అందులోనూ ఫ్రీవీలు వైపువే ఎక్కువ, ఎందుకంటే మనిషి బరువూ క్యారియర్ బరువూ ఆ చక్రం మీదే, గొలుసు లాగుడూ ఆ వైపే. ఆ వైపు పుల్ల మార్చాలంటే ఫ్రీవీలు ఊడదీయాలి. దానికి రెండు పళ్ళ పానా, దాన్ని పట్టడానికి వైసూ కావాలి. రోడ్డు మీద అది కుదరదు. అందుకే తెగిన పుల్లని పక్క పుల్లకి చుట్టి, ఎదురు పుల్లలు కొంచెం వదులు చేసి, చక్రం బ్రేకు రబ్బరుకి రాసుకోకుండా చూసుకుని, తరవాతి ఊళ్ళో సైకిల్ షాపు దాకా నెట్టుకొచ్చేవారు. ఒక పుల్ల తెగితే పరవాలేదు. పట్టించుకోకుండా తొక్కితే దాని బరువు పక్కవాటి మీద పడి సాయంత్రానికి మూడు తెగుతాయి.

ఆరుగురికి ఒక పంక్చరు డబ్బా. హార్లిక్సు సీసా పగులుతుంది గనక పాత డాల్డా డబ్బాయే. దాన్నిండా ఉండాల్సినవి: రెండు ట్యూబులు, సొల్యూషన్ రెండు, అరగజం పాత ట్యూబు ముక్క, గరుకు కాగితం, టైరు ఊడదీసే కడ్డీలు మూడు, వాల్‌కి తొడిగే సన్న రబ్బరు వాల్ ట్యూబు మూరెడు, నిపిళ్ళతో సహా పది పుల్లలు, కాటర్ పిన్ను నట్టుతో ఒకటి, చైను ముక్క, చైను లాకు, గోటీలు రెండు సైజులు. ముందు హబ్బుకి 3/16, వెనక హబ్బుకి పావు అంగుళం. ఈ రెండూ కలిపి ఒకే పొట్లంలో కట్టడం మామూలుగా జరిగే పొరపాటు. దీపం వెలుగులో ఒక పెద్ద గోటీ ముందు హబ్బులో పడిందంటే మర్నాడు మధ్యాహ్నానికి గోటీలు తిరిగే కప్పు గీతలు పడిపోయి ఉంటుంది. విడిగా, మడత పెట్టిన టైరు ముక్కలు రెండు. వాటిని గేటర్లనేవారు. టైరు చీలితే లోపల గేటరు వేస్తే వంద కిలోమీటర్లు వస్తుంది. చివరికి, అరసోలెడు కొబ్బరినూనె. అది బండికి కాదు, మనిషికి. ఎందుకో తరవాత చెబుతాను.

పంక్చర్ల గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే యాత్రల్లో సగం సమయం అక్కడే పోయేది. కాలవ గట్ల మీద తుమ్మముల్లు, చేల పక్కన పల్లేరుకాయలు, రోడ్డు మీద ఎడ్ల నాడాల మేకులు. ఆ రోజుల్లో ఉయ్యూరు రోడ్డు మీద క్రషింగ్ సీజన్లో చెరకు బండ్లు బారులు తీరి నడిచేవి, వాటి వెనకే మేకులు రాలుతుండేవి. పంక్చరు వెనక చక్రానికే ఎక్కువ పడుతుందన్నది అందరూ చూసిందే. బరువు ఒక కారణం. రెండోది, పడుకుని ఉన్న మేకుని ముందు చక్రం లేపి నిలబెడుతుంది, వెంటనే వచ్చే వెనక చక్రం దాని మీద ఎక్కుతుంది. ముందు మడ్‌గార్డు కింద చిన్న తోలుముక్క రోడ్డుకి దగ్గరగా వేలాడదీసేవారు కొందరు. అందం కోసం అనుకునేవారు చూసినవాళ్ళు. నిజానికి ఆ ముక్క లేచిన మేకుని పక్కకి తోసేస్తుంది.

అతుకు వేయడంలో పిల్లలు చేసే తప్పులు మూడు. మొదటిది, చిల్లు దొరకగానే సంతోషంలో టైరు లోపల వేలు పెట్టి తడమకపోవడం. ముల్లు అక్కడే ఉంటుంది, గాలి కొట్టగానే మళ్ళీ దిగుతుంది. రెండోది, సొల్యూషన్ తడిగా ఉండగానే అతుకు అంటించడం. అయిదు నిమిషాలు ఆగాలి. వేలి వెనక భాగంతో తాకితే అంటుకోకూడదు. తడి మీద వేసిన అతుకు అప్పటికి నిలుస్తుంది, ఎండలో రోడ్డు కాలుతుంటే లోపల జారిపోతుంది. మధ్యాహ్నం ఒంటి గంటకి ఆరుగురిలో ఇద్దరి బండ్లు ఒకేసారి కూలబడ్డాయంటే పొద్దున్న ఆ అతుకులు వేసిన చేయి ఒకటే అని తెలిసిపోయేది. మూడోది, ఏమీ లేకపోయినా గాలి మెల్లగా దిగిపోతుంటే ట్యూబు విప్పేయడం. ముందు వాల్ మీద ఉమ్మి తడి పెట్టి చూడాలి. బుడగ వస్తే తప్పు వాల్ ట్యూబుదే. ఎండకి ఆ రబ్బరు జిగురు జిగురుగా అయిపోతుంది. రెండు అంగుళాల ముక్క మారిస్తే అయిపోయే పనికి గంట పోగొట్టుకునేవారు.

రోడ్డు మీద నడక ఇలా. పొద్దున్న అయిదింటికి బయల్దేరి పదింటికల్లా ఏదో ఒక ఊరు చేరాలి. మళ్ళీ మూడున్నరకి లేచి ఆరు వరకు. రాత్రి ప్రయాణం లేదు. డైనమో దీపం బండి మెల్లగా పోతే మసకబారుతుంది, గుంట ఎప్పుడొస్తుందా అని మెల్లగా పోవాల్సిన చోటే వెలుగుండదు. అందరికంటే మెల్లగా తొక్కేవాణ్ణి ముందు పెట్టాలి, డబ్బా ఉన్నవాణ్ణి చివర. ఇది కాస్త కఠినంగా అనిపిస్తుంది ముందున్న పిల్లాడికి, కానీ వెనక పెడితే వాడు రోజంతా తరుముకుంటూ రావాలి. మధ్యాహ్నానికి వాడే పడిపోతాడు. బండికీ బండికీ మధ్య రెండు సైకిళ్ళ పొడుగు. ఇద్దరు పక్కపక్కన తొక్కుతూ కబుర్లు చెప్పుకోవడం మాత్రం చేలగట్ల మీదే.

అప్పటి జాతీయ రహదారి అయిదో నంబరు, మద్రాసు నుంచి కలకత్తా వైపు వెళ్ళేది, ఇప్పటి పదహారు, చాలా చోట్ల రెండు లారీలు ఎదురైతే ఒకటి మట్టిలోకి దిగాల్సినంత సన్నం. సైకిలు సంగతి చెప్పక్కర్లేదు. తారు అంచుకీ మట్టికీ మధ్య నాలుగు అంగుళాల ఎత్తు తేడా. దిగడం తేలికే. ఎక్కేటప్పుడే పడేవారు. అంచుకి సమాంతరంగా మెల్లగా చక్రాన్ని ఎక్కించబోతే టైరు అంచుని రాసుకుంటూ పోతుంది, మనిషి మాత్రం రోడ్డు మీదకి ఒరిగిపోతాడు. ఆ సమయంలో వెనక లారీ ఉంటే అంతే సంగతులు. బండి కాస్త మట్టిలోకి తిప్పి, అడ్డంగా, సీటు నుంచి కొంచెం లేచి ఎక్కించాలి. లేదా దిగి ఎత్తుకోవాలి. దిగమని చెప్పేవాడే మంచి నాయకుడు. ఈ ఒక్క సంగతి ఇంటి దగ్గర మట్టి గట్టు మీద రెండు రోజులు నేర్పించకుండా పిల్లల్ని హైవే ఎక్కించకూడదు. ఇప్పటికీ అంతే.

గాలిని ఎవరూ లెక్కలోకి తీసుకునేవారు కారు. డిసెంబరు, జనవరిలో కోస్తాలో ఈశాన్యపు గాలి. బెజవాడ నుంచి విశాఖపట్నం వెళ్తుంటే అది మొహానికి కొడుతుంది, విశాఖ నుంచి బెజవాడ వస్తుంటే వీపుకి కొడుతుంది. 350 కిలోమీటర్ల దారి అదే, రోడ్డు అదే, కానీ తిరుగు దారిలో తొక్కినవాళ్ళకి ఒక రోజు తక్కువ పట్టేది. బళ్ళని రైల్లో బుక్ చేసి విశాఖలో దించుకుని అక్కడి నుంచి మొదలుపెట్టడం తెలివైన పని. అనకాపల్లి, తుని, అన్నవరం, రాజమండ్రి, తణుకు, ఏలూరు. రాజమండ్రి దగ్గర 1974లో తెరిచిన రోడ్డు, రైలు వంతెన మీద కొవ్వూరు వైపు వెళ్ళేవాళ్ళకి ఇంకో పరీక్ష ఉండేది. పైన రోడ్డు, కింద రైలు, ఆ పొడవునా గోదావరి మీద అడ్డగాలి. సంచులు రెండు వైపులా వేలాడదీసిన బండి ఆ గాలికి తెరచాప అయిపోతుంది. సంచీ పక్కలకి కాకుండా క్యారియర్ మీద అడ్డంగా, ఎత్తు తక్కువగా కట్టాలని తెలిసేది అక్కడే.

ఇప్పుడు కొబ్బరినూనె. మొదటి రోజు ఉత్సాహంలో ఏమీ తెలియదు. రెండో రోజు తొడలు ఒరుసుకుని మంట. లోపలి బట్టల కుట్టు సరిగ్గా సీటు మీద ఒత్తుకుంటుంది. రాత్రి కడుక్కుని ఆరాక నూనె రాసుకుంటే మూడో రోజు నడుస్తుంది, రాసుకోకపోతే చర్మం లేచిపోతుంది. సిగ్గుతో చెప్పని పిల్లాడే ఎక్కువ బాధపడేవాడు. అందుకే పెద్దవాళ్ళు అడక్కుండానే సీసా చేతికిచ్చేవారు. మోకాళ్ళ నొప్పికి మందు మాత్రం పానా. సీటు కిందకి ఉండడమే కారణం. మడమ పెడలు మీద ఆనిస్తే కాలు తిన్నగా సాగాలి, అంత ఎత్తులో ఉండాలి. పిల్లలు కాళ్ళు నేలకి అందాలని దించుకుంటారు. పధ్నాలుగేళ్ళ వాడికి 24 అంగుళాల ఫ్రేము ఇచ్చి పంపడం పెద్దల తప్పు. 22 అంగుళాలది అద్దెకైనా తేవాలి.

తిండి విషయంలో ఊళ్ళ ప్రేమే ప్రమాదం. పిల్లలు వచ్చారని గారెలూ పులిహోరా పప్పూ నెయ్యీ. తిని వెంటనే బండెక్కితే కడుపులో తిప్పుతుంది. పొద్దున్న చద్దన్నం పెరుగుతో, దారిలో అరటిపండ్లు, పల్లీ పట్టీలు, నానబెట్టిన అటుకులు బెల్లంతో, మధ్యాహ్నం ఉప్పేసిన మజ్జిగ. భోజనం సాయంత్రమే. మరచెంబులో నీళ్ళు పెట్టుకుని అరగంటకోసారి రెండు గుక్కలు తాగాలి. దాహం వేశాక తాగుదామని ఆగినవాడికి పిక్కలు పట్టేస్తాయి. లీటరు నీళ్ళలో ఆరు చెంచాలు పంచదార, అర చెంచా ఉప్పు. ఈ కొలత చాలామంది పిల్లలు ఈ యాత్రల్లోనే మొదటిసారి నేర్చుకున్నారు. తరవాత ఇళ్ళల్లో చంటిపిల్లలకి విరేచనాలైతే కలిపి పట్టించినవాళ్ళూ వాళ్ళే.

ఇంత చెప్పాక కూడా సైకిలు ఈ కథలో సగమే. రెండో సగం రసీదు పుస్తకం. నా ఉద్దేశంలో అసలు సగం అదే.

హెడ్మాస్టారు సంతకంతో, బడి ముద్రతో ఒక ఉత్తరం. నంబర్లు వేసిన రసీదు పుస్తకాలు, కార్బన్ కాగితం. తాళం వేసిన రేకు డబ్బా, మూతకి నాణెం పట్టేంత సందు. దానికి రెండు తాళాలు. ఒక చెవి జట్టు నాయకుడి దగ్గర, రెండోది డబ్బా మోయని ఇంకొకడి దగ్గర. ఇంటి ముందు నిలబడేది ముగ్గురు. ఒకడు మాట్లాడతాడు, ఒకడు రాస్తాడు, ఒకడు పట్టుకుంటాడు. మాట్లాడేవాడు డబ్బు ముట్టుకోడు. ఇది అనుమానంతో పెట్టిన నియమం కాదు. పదిహేనేళ్ళ పిల్లాడి మీద రేపు ఎవరైనా ఒక మాట అంటే, ఆ మాట వాడి మీద పడకుండా కాపాడే కంచె.

చిల్లర దగ్గర చిక్కు వచ్చేది. సినిమా హాలు గేటు దగ్గరా, సంతలోనూ జనం అయిదు పైసలు, పది పైసలు వేసి వెళ్ళిపోతారు, రసీదుకి ఆగరు. సాయంత్రం లెక్క చూస్తే రసీదుల మొత్తం కంటే డబ్బు ఎక్కువ. ఎక్కువే కదా అని ఊరుకోవడానికి లేదు. ఇవాళ ఎక్కువ వచ్చిందంటే రేపు తక్కువ వచ్చినా తెలియదు. అందుకని రూపాయి లోపలిదంతా డబ్బాలోకి, రూపాయీ ఆ పైనా సంచీలోకి, రసీదుతో. రెండు లెక్కలు ఎక్కడా కలవకూడదు.

ఆ నాణేలు లెక్కపెట్టడానికి ఒక మంచి కిటుకు ఉండేది. అప్పటి నికెల్ పావలా రెండున్నర గ్రాములు, అర్ధరూపాయి అయిదు గ్రాములు. అంటే నూరు రూపాయల పావలాలైనా, నూరు రూపాయల అర్ధరూపాయిలైనా సరిగ్గా ఒక కిలో. అంచు అలలుగా ఉన్న అల్యూమినియం పది పైసలు 2.3 గ్రాములు, వెయ్యి నాణేలు, నూరు రూపాయలు, రెండు కిలోల మూడు వందల గ్రాములు. కిరాణా కొట్టు తరాజు మీద రకం వారీగా వేసి తూస్తే పది నిమిషాల్లో లెక్క తేలేది, తరవాత చేత్తో ఒకసారి సరిచూసుకునేవారు. దుకాణం సెట్టిగారికీ ఆ చిల్లరే కావాలి గనక అక్కడికక్కడే నోట్లు ఇచ్చేవారు. మూడు కిలోల నాణేలు మోసుకుంటూ అరవై కిలోమీటర్లు తొక్కే బాధ తప్పేది.

సంక్రాంతి రోజుల్లో ఊరు డబ్బు ఇవ్వదు, ధాన్యం ఇస్తుంది. కళ్ళంలో కుప్ప నూర్చి ఉంటుంది, కుంచమో రెండు కుంచాలో పోస్తారు. మంచిదే, కానీ సైకిలు మీద బస్తా ధాన్యం డెబ్బై అయిదు కిలోలు. తొక్కలేరు, నెట్టాలి. తెలిసిన జట్లు ఊరి రైసుమిల్లు యజమానితో ముందే మాట్లాడుకునేవి. ఏ ఇంటి ధాన్యమైనా మిల్లు కాటా దగ్గరే పోయించి, ఆ రోజు రేటుకి అక్కడే అమ్మి, మిల్లు చీటీని రసీదు పుస్తకానికి గుచ్చేవారు. ఎవరు ఎన్ని కుంచాలిచ్చారో కూడా రాయాలి. ఇచ్చినవాళ్ళకి రూపాయల లెక్క కంటే కుంచాల లెక్కే గుర్తుంటుంది.

బట్టలు తీసుకోవడం దగ్గర చాలామంది పొరబడ్డారు. వద్దనడానికి మొహమాటం. చిరిగినవీ, తడివీ, ఒంటి కాలి ప్యాంట్లూ అన్నీ మూటలో పడేవి. తడి బట్ట ఒక్కటి ఉంటే చాలు, మూడు రోజుల్లో మూటంతా బూజు. ఇల్లు పోగొట్టుకున్న మనిషికి ఆ మూట విప్పి ఇవ్వడం ఎంత అవమానమో ఆలోచించండి. ఉతికి మడతపెట్టినవే తీసుకుంటామని గడప దగ్గరే నెమ్మదిగా చెప్పగలిగిన పిల్లల్ని చూస్తే ఊరి పెద్దలకే గౌరవం కలిగేది. దుప్పట్లు, చీరలు, ధోవతులు, వంట పాత్రలు. ఇవి అడగాలి. ఏం కావాలో అడిగితే జనం ఇస్తారు. ఏదైనా ఇవ్వండి అంటే వదిలించుకోవాల్సినవి ఇస్తారు.

సాయంత్రం పంచాయతీ ఆఫీసు అరుగు మీదో, బడి వరండాలోనో, నలుగురి ముందు డబ్బా తెరిచేవారు. మొత్తం బిగ్గరగా చదివి, పుస్తకంలో రాసి, ఊరి పెద్ద ఒకరి చేత సంతకం పెట్టించుకునేవారు. పొద్దున్నే బ్యాంకు ఉన్న ఊళ్ళో డ్రాఫ్టు తీయడం, బ్యాంకు లేకపోతే పోస్టాఫీసులో మనియార్డరు. రాత్రిపూట జట్టు దగ్గర ఒక రోజు వసూలు కంటే ఎక్కువ ఉండకూడదు. ఇక అన్నిటికంటే గట్టి నియమం: ఆ డబ్బాలోంచి ఒక్క పైసా ఖర్చు పెట్టకూడదు. పంక్చరు అతుక్కి షాపువాడు తీసుకునే పావలా కూడా సొంత జేబు నుంచే. టీ తాగినా, బండి రైల్లో వేసినా అంతే. దారి ఖర్చులకి బయల్దేరే ముందే ఇంటింటి నుంచీ తలా ఇంత పోగుచేసుకుని, దానికి వేరే నోటు పుస్తకం పెట్టుకునేవారు. అందుకే పంక్చరు డబ్బా, విరాళాల డబ్బా ఎప్పుడూ వేరు వేరు సైకిళ్ళ మీద ఉండేవి. ఒకే బండి మీద కట్టవద్దని పెద్దవాళ్ళు చెప్పేవారు.

ఒక బాధ మిగిలే ఉంది. ఈ యాత్రల్లో ఆడపిల్లలు చాలా తక్కువ. ఊళ్ళో వీధులు తిరిగి వసూలు చేసినవాళ్ళు వాళ్ళే, మూటలు సర్దినవాళ్ళు వాళ్ళే, కానీ పొలిమేర దాటి బండెక్కనివ్వలేదు. లేడీస్ సైకిలు ఇంట్లో ఉన్నా సరే. లెక్కలు రాయడంలో వాళ్ళు ఎంత కచ్చితంగా ఉండేవారో తెలిసినవాళ్ళకి ఆ లోటు ఇంకా బాగా తెలుస్తుంది.

మరి ఇన్నేళ్ళకి ఏం మిగిలింది? వసూలైన డబ్బు ఆనాడే ఖర్చైపోయింది, అవసరం తీరింది. మిగిలింది చేతుల్లో. ఆ పిల్లలే పెరిగి టీచర్లయ్యారు, బ్యాంకుల్లో చేరారు, వ్యవసాయం చేశారు, అమెరికా వెళ్ళారు. 1990లో, 1996లో, హుద్‌హుద్ వచ్చిన 2014లో తెలుగు ఊళ్ళు విరాళాలు పోగుచేసినప్పుడు, రెండు చెవుల డబ్బా, వేరే ఖర్చుల పుస్తకం అని పట్టుబట్టినవాళ్ళు ఉన్న చోట, వాళ్ళలో ఒకరైనా ఈ యాత్రల మనిషే అయ్యుంటారని నా నమ్మకం. గుడి చందాలైనా, బడి గది కట్టడమైనా లెక్క గోడకి అంటించేదాకా నిద్రపట్టని వాళ్ళు కొందరుంటారు. అడిగి చూడండి, పదిహేనేళ్ళప్పుడు ఎప్పుడో సైకిలు మీద రసీదు పుస్తకం పట్టుకుని తిరిగి ఉంటారు.

ఈ కాలంలో పిల్లల చేత ఇలాంటి యాత్ర చేయించాలనుకునేవాళ్ళకి ఒకటి రెండు మాటలు. నాలుగు లైన్ల హైవే మీద వద్దు. పాత రోడ్లు, కాలవ గట్లు, సర్వీసు రోడ్లు చూసుకోండి. బెజవాడ నుంచి అవనిగడ్డకి కరకట్ట మీద ఇప్పటికీ మంచి దారి ఉంది. హెల్మెట్టు, వెనక ఎర్ర దీపం తప్పవు. ఫోన్లో స్కాన్ చేసి పంపే డబ్బుకి రసీదు దానంతటదే వస్తుంది నిజమే, కానీ ఆ ఖాతా ఒక పిల్లాడి పేరు మీదో, ఒక పెద్దాయన పేరు మీదో ఉండకూడదు. బడి పేరు మీద ఖాతా తెరవండి. సాయంత్రం మొత్తం చదవడం మాత్రం ఊరి మధ్యలో, బిగ్గరగా, పిల్లల చేతే చదివించండి.

తిరిగొచ్చాక చేయాల్సిన పని కూడా ఒకటుంది, చాలామంది అలసిపోయి వదిలేసేది. వాడిన రసీదులూ వాడనివీ అన్నీ నంబరు వరసన పేర్చి, చెడిపోయిన వాటి మీద అడ్డగీత గీసి, చించకుండా, డ్రాఫ్టు నకళ్ళతో కలిపి దారంతో కుట్టి బడికి అప్పజెప్పాలి. మొత్తం ఎంతో, ఏ తేదీన ఏ నిధికి వెళ్ళిందో ఒక కార్డు మీద రాసి, దారిలో అన్నం పెట్టిన ప్రతి ఊరికీ పంపాలి. పదిహేను పైసల పోస్టుకార్డు సరిపోయేది అప్పట్లో. ఆ కార్డులు ఇప్పటికీ కొన్ని ఇళ్ళల్లో, దూలానికి వేలాడే తీగకి గుచ్చి, పాత శిస్తు రసీదులతో పాటు ఉన్నాయి.